వెనక యాక్సిలూ ఎడమ చెవీ

మా ఆయనతో నేను ఇంట్లో మాట్లాడింది తక్కువ, కార్లో మాట్లాడింది ఎక్కువ. ఈ మాట చెప్తే మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ. దానికేం తెలుసు, అది పుట్టేటప్పటికే ఇంట్లో సగం మంది వేరు పడిపోయినారు. నేను కాపురానికి వచ్చినప్పుడు ధర్మపురిలో మాది ఇల్లు కాదు, సత్రం. ముందర చింతపండు మండీ, దాని వెనక వసారా, ఆ వెనక వంటిల్లు, అన్నిటికీ నడుమ మా అత్త మంచం. ఆ మంచం మీదికి వినపడని మాట ఆ ఇంట్లో పుట్టలేదు. మొగుడిని మెల్లగా "కాఫీ తాగుతారా" అని అడిగితే, వంటింట్లో నుంచి తోడికోడలు "నాకూ ఒక గ్లాసు" అనేది. ఇంక మనిషి ఏం మాట్లాడుతుంది?

నేను కారెక్కింది నా నాలుక పుణ్యాన. మా నాయన కొండ మీద మా ఊరు పిక్కిలిలో చింతచెట్లు గుత్తకు తీసుకొని, పండు దులిపించి, మా మామ మండీకి తోలేవాడు. ఆ రాకపోకల్లోనే నా పెండ్లి కూడా కుదిరిపోయింది. చింతపండు కుప్పల నడుమ పెరిగినదాన్ని కదా, ఒక తునక నోట్లో వేసుకుంటే చాలు, అది ఏ కొండదో, పోయిన ఏటిదో ఈ ఏటిదో, బరువు కోసం నీళ్ళు చల్లినారో లేదో చెప్పేస్తాను. మామకు దీని మీద నమ్మకం కలగక ఒక దినం పరీక్ష పెట్టినాడు. నా కండ్లు మూయించి ఆరు కుప్పల్లో నుంచి ఆరు తునకలు. ఆరూ సరిగ్గా చెప్పినాను. మరుసటి సోమవారం మా ఆయన సరుకు చూసేదానికి కడత్తూరుకు బయలుదేరతా ఉంటే, "కోడల్ని కూడా తీసుకొని పోరా" అన్నాడు. అత్త మొహం మాడ్చుకుంది కానీ, వ్యాపారం కదా, కిక్కురుమనలేదు.

అప్పటి కారే మాకు ఇప్పటికీ ఉంది. తెల్ల అంబాసిడర్, డీసిల్ బండి. ముందర సీటు బెంచీ మాదిరి ఒకటే పొడుగు, గేరు కడ్డీ స్టీరింగు కిందే ఉంటుంది, కాబట్టి మా ఇద్దరి మధ్య అడ్డం ఏమీ ఉండదు. ఊరు దాటేదాకా నేను తలుపుకు అతుక్కొని కూర్చునేదాన్ని. ఊరు దాటినాక కొంచెం జరిగేదాన్ని. అప్పటి రోడ్లకు నలభై స్పీడే ఎక్కువ. ఆ నలభైలో ఇంజను దడదడమంటా ఉన్నా మాట మాత్రం చక్కగా వినపడేది. ఇంట్లో ఊఁ, ఆఁ తప్ప నోరు మెదపని మనిషి కార్లో అడగని వాటికి కూడా జవాబులు చెప్పేవాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఏ లారీ ఎక్కినాడో, ఎవరి దగ్గర తోలడం నేర్చుకున్నాడో, అన్నీ. నేను నెల తప్పినానని ఆయనకు చెప్పింది పాలకోడు చక్కెర మిల్లు ముందర, చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కొని ఉన్నప్పుడు. మా నాయన పోయినప్పుడు నేను మనసుతీరా ఏడ్చింది కూడా ఆ సీటులోనే.

ఇప్పుడు అత్త లేదు, మామ లేడు, మండీ మరుదులు చూసుకుంటా ఉన్నారు. ఇల్లంతా మా ఇద్దరిదే. అయినా ఇంట్లో మాట్లాడుకునే అలవాటు మాకు రాలేదంటే నమ్మండి. టీవీ మాట్లాడుతుంది, మేము కూర్చొని చూస్తాము. ఏదన్నా గట్టి విషయం ఉంటే, "రేపు కార్లో పోతాము కదా, అప్పుడు చెప్తాను" అని మనసులో ముడి వేసి పెట్టుకుంటాను.

ఇదంతా తెలుగులో రాస్తా ఉండేది ఎందుకంటే, అక్షరాలు మా నాయన పట్టుబట్టి నేర్పించినాడు, పోనీయకూడదు. ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారే కానీ చదవడం ఎవరికీ రాదు. మా ఆయనకు అరవం పేపరు తప్ప ఇంకోటి తెలీదు. కాబట్టి ధైర్యంగా రాస్తా ఉన్నాను.

మా అమ్మాయి పెండ్లయి హోసూరులో ఉంది. దాని ఇంటికి నెలకు రెండుసార్లు పోతాము. చిక్కంతా అక్కడే వచ్చింది. రోడ్డు చూస్తే పెద్ద హైవే. నలభైలో పోతే లారీలవాళ్ళు వెనక నుంచి హారన్లు కొట్టి కొట్టి చంపేస్తారు. అరవైకి పోతే మా బండి పెట్టే అరుపు ఇంతా అంతా కాదు. కిటికీ అద్దాలు, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు, నా పండ్లు, అన్నీ ఒకటేసారి వణుకుతాయి. అందులో నేనేదో అంటాను. ఆయన "ఆఁ?" అంటాడు. మళ్ళీ అంటాను. మళ్ళీ "ఆఁ?" మూడోసారికి నాకే విసుగొచ్చి "ఏం లేదులే" అనేస్తాను. కొన్నాళ్ళకు ఆయన "ఆఁ?" అనేది కూడా మానేసి, ఏమన్నా "ఊఁ" అనడం మొదలుపెట్టినాడు. నేను కూడా ఆయనతో చెప్పడం తగ్గించి, నాలో నేను గొణుక్కోవడం నేర్చుకున్నాను. మూడేండ్లు ఇట్లే జరిగింది.

అమ్మాయి కనిపెట్టింది. "అమ్మా, నాయనకు చెవి చూపించు" అని వంటింట్లో నా చెయ్యి పట్టుకొని చెప్పింది. నేను ఆయనతో అన్నాను. అంతే, ఎగిరి పడినాడు. "నా చెవికేమైంది? ఆ కారు సప్పుడులో దేవుడికి కూడా వినపడదు! చెవి చూపించాలంట, చెవి!" అని ఆ పూట అన్నం కూడా సగంలో లేచిపోయినాడు.

ఆ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. మా మామకు అరవై దాటినాక చెవుడు వచ్చింది. మండీలో ఆయన మాటకు ఎదురు ఉండేది కాదు, అట్లాంటి మనిషి. మొదట అందరూ గట్టిగా అరిచి చెప్పేవాళ్ళు. తర్వాత అరిచే ఓపిక లేక, సైగలు. తర్వాత సైగలు కూడా పోయినాయి. బేరం ఆయన ముందరే జరుగుతుంది, ఆయన్ని ఎవరూ అడగరు. చివరికి డబ్బులుండే కల్లాపెట్టె దగ్గర నుంచి లేపి, వెనక గోతాల పక్కన కుర్చీ వేసినారు. ఎవరు నవ్వినా తననే చూసి నవ్వినారని ఒక ముక్క నవ్వు నవ్వేవాడు. మా ఆయన రోజూ ఆ కుర్చీ వైపు చూసేవాడు కాదు, దాన్ని తప్పించుకొని అవతలి దోవలో పోయేవాడు. అందుకే చెవి అనే మాట ఎత్తితే ఆయనకు ఒళ్ళు మండుతుంది. తప్పు కారుదే అయి ఉండాలి. నేను కూడా, నిజం చెప్తా ఉన్నాను, కారుదే తప్పు కావాలని మొక్కుకున్నాను.

సేలం రోడ్డులో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్‌ని మేము భాయి అని పిలుస్తాము. మా పెండ్లి అయినప్పటి నుంచి ఈ బండికి ఆయనే వైద్యుడు. ఆయన దగ్గరికి పోయి మా ఆయన అరవంలో పంచాయితీ పెట్టినాడు. "భాయీ, అరవైలో పోతే పక్కన మనిషి మాట వినపడాల. ఏం చేస్తావో చెయ్యి."

భాయి నవ్వి, కొత్త కారు కొనుక్కోమనలేదు చూడండి, అదీ ఆయన గొప్పతనం. "ఇంజను తప్పు లేదు సార్, వెనక యాక్సిల్లో పళ్ళ లెక్క" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "రాండమ్మా, మీరే లెక్క పెట్టండి" అని వెనక రెండు చక్రాలూ జాకీల మీద లేపినాడు. ఇంజను నుంచి వెనక్కి వచ్చే పొడుగు కడ్డీ మీద సుద్దముక్కతో ఒక గీత, చక్రం మీద ఒక గీత. ఒక చక్రం మా ఆయన, ఒక చక్రం భాయి పట్టుకొని ఒక్క చుట్టు మెల్లగా తిప్పినారు. నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని గొంతు కూర్చొని కింద కడ్డీని చూస్తా లెక్క పెట్టినాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదుకు కొంచెం తక్కువ.

"అంటే చక్రం ఒకసారి తిరిగేదానికి ఇంజను పాపం అయిదుసార్లు తిరగాల. కొండలెక్కే కాలానికి చేసిన బండి ఇది. హైవేకు ఇంత తిరుగుడు ఎందుకు? నాలుగుసార్లు తిరిగితే చాలనేటట్టు చేస్తే, అదే స్పీడుకు ఇంజను నిమ్మళంగా ఉంటుంది" అన్నాడు భాయి.

ఆ యాక్సిలు నడుమ గుమ్మడికాయంత డబ్బా ఉంటుంది. దాని లోపల ఒక పెద్ద పళ్ళ చక్రం, ఒక చిన్న పళ్ళ చక్రం, క్రౌను పినియను అంటారు. మా దాంట్లో పెద్దదానికి ముప్పైతొమ్మిది పళ్ళు, చిన్నదానికి ఎనిమిది. సేలంలో పాత సామాను అంగడి నుంచి భాయి రెండు జతలు తెచ్చి పెట్టినాడు. ఒకటి నడిమి రకం. ఇంకోటి పెద్దదానికి నలభైమూడు, చిన్నదానికి పదకొండు, అది హైవేకు బాగా నిమ్మళం.

ఇప్పుడు జరిగింది జాగ్రత్తగా చెప్తాను, ఎందుకంటే నా కడుపుమంట అంతా ఇక్కడే మొదలైంది. మధ్యాహ్నం పూట, షెడ్డులో వేరే బండి లేదు, ఏ సప్పుడూ లేదు. నేను స్టూలు మీద టీ తాగుతా ఉన్నాను. మా ఆయన చక్రం పక్కన కూర్చొని ఆ నలభైమూడు పళ్ళదాన్ని బిడ్డను నిమిరినట్టు నిమురుతా ఉన్నాడు. భాయి ఆయన ఎడమ పక్కన నిలబడి, "సార్, ఇది వేస్తే కొండ ఎక్కదు. పిక్కిలికి పోయే పని ఉంటే చెప్పండి, నడిమిది వేస్తాను" అన్నాడు. జవాబు లేదు. "పిక్కిలి కొండ, సార్. పోతారా?" అని మళ్ళీ అడిగినాడు. మా ఆయన తల కూడా ఎత్తలేదు. "ఏం పరవాలేదు, ఇదే వెయ్యి భాయీ" అన్నాడు.

ఏం పరవాలేదా! నా పుట్టిల్లు ఏం పరవాలేదా! ఇంతకాలం ఆ ఇంటి చింతపండు తిని, మా అమ్మ చేతి రాగిసంకటి తిని, మా నాయన్ని చివరికి మోసి, ఈ దినం ఒక ఇనుప చక్రం ముందర నా ఊరు పరవాలేదు అయిపోయిందా? భాయి నా వైపు చూసినాడు. నేను టీ గ్లాసులోకి చూసుకున్నాను. పరాయి మనిషి ముందర మొగుడితో గొడవేసుకోను, అది నాకు పుట్టుకతో రాలేదు.

పని మూడు దినాలు పట్టింది. మా ఆయన పొద్దున పోయి సాయంత్రం ఒళ్ళంతా నల్లటి నూనె పూసుకొని వచ్చేవాడు. పళ్ళకు నీలం పూసి తిప్పి, ఎక్కడ తగులుతా ఉందో చూసి, పేపరంత పలచటి రేకులు ఒకటి పెట్టి ఒకటి తీసి. "పళ్ళు ఒకదాన్ని ఒకటి ముట్టుకోవాల, కొరుక్కోకూడదంట" అని భాయి మాట నాకు చెప్పి మురిసిపోయినాడు. నేను పలకలేదు. పదైదు దినాలు పలకలేదు. చారులో రెండింతలు చింతపండు పిసికినాను. పులుపు పండ్లకెక్కి కండ్లలో నీళ్ళు తిరిగినా, ఎందుకని అడగకుండా తాగేసినాడు మహానుభావుడు.

బండి చేతికిచ్చే దినం భాయి ఇంకో మాట చెప్పినాడు. "సార్, ఇంక ఈ మీటరు ముల్లు అబద్ధం చెప్తుంది. అది అరవై చూపిస్తే నిజంగా డెబ్భై అయిదు అనుకోండి. జాగ్రత్త." మా ఆయన తల ఊపినాడు. కొత్తగా లెక్క పెడితే కడ్డీ నాలుగు చుట్లు కూడా నిండలేదు.

ఆ తర్వాత పన్నెండు దినాలకు హోసూరు బయలుదేరినాము. బండి కృష్ణగిరి దారి ఎక్కినాక, ఉన్న మాట ఒప్పుకోవాల, భాయి చెయ్యి మంచిది. అంత నిమ్మళం. వినాయకుడు వణకడం లేదు. నా గాజులు గలగలమంటే నాకే వినపడినాయి. పదైదు దినాల కోపం కూడా సగం దిగిపోయింది. పోనీలే, ఇంక మాట్లాడుకోవచ్చు అనుకున్నాను.

ఆయన మొహం చూడాల. పెండ్లిలో కూడా అంత వెలుగు లేదు. "చూసినావా ఏమే! ముల్లు అరవై దాటలేదు, ఎంత సుఖంగా పోతా ఉంది! ఈ లారీలకు ఈ దినం ఏమొచ్చిందో, అన్నీ వెనకబడతా ఉన్నాయి!"

"ముల్లు అబద్ధం చెప్తుందని భాయి చెప్పినాడు కదా?" అన్నాను.

"అవునవును, మంచి పినియను" అన్నాడు.

ఇంజను సప్పుడు లేదు. గాలి సప్పుడు లేదు, అద్దాలు ఎత్తి ఉన్నాయి. నేను మామూలుగా, పక్కన కూర్చొని మాట్లాడినట్టే మాట్లాడినాను. మనసు ఒప్పుకోక ఇంకోసారి చూసినాను. "ఏమండీ, ఇంట్లో పెరట్లో ఏనుగును కట్టేసి వచ్చినాను. దానికి మేత పెట్టడం మరిచిపోయినాను."

"ఊఁ" అన్నాడు. "పరవాలేదు."

అదే పరవాలేదు. భాయికి చెప్పిన అదే పరవాలేదు. షెడ్డులో ఆ మధ్యాహ్నం ఎంత నిశ్శబ్దంగా ఉండిందో అప్పుడు గుర్తొచ్చింది. ఈ మనిషికి భాయి మాట చెవిన పడనే లేదు. కొండ అన్నది వినలేదు, పిక్కిలి అన్నది వినలేదు. వినకుండానే, వినలేదని బయటపడకుండా, అన్నిటికీ సరిపోయే ఒక మాట వేసి తప్పించుకున్నాడు. నేనేమో ఆ మాటకు పదైదు దినాలు పులుపు పోసినాను. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కిటికీ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఆయనేమో "ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడు" అంటా స్టీరింగు మీద తాళం వేస్తా ఉన్నాడు.

"నలభైలోనే పోండి" అని మాత్రం గట్టిగా అరిచి, చేత్తో కూడా చూపించినాను. "భయమా?" అని నవ్వి తగ్గించినాడు.

చెప్పలేకపోయినాను. ఎట్ల చెప్పేది? కారు అరుస్తా ఉన్నన్ని దినాలు మాకు ఒక సాకు ఉండేది. దాన్ని మేమే ఊడదీసి షెడ్డులో పారేసి వచ్చినాము. ఇప్పుడు చెప్తే, ఆ గోతాల పక్క కుర్చీలో నేనే ఆయన్ని కూర్చోబెట్టినట్టు అవుతుంది.

పది దినాలకు పిక్కిలి నుంచి తమ్ముడు ఫోను చేసినాడు. రెండు బోర్లు ఎండిపోయినాక మూడోదాంట్లో నీళ్ళు పడినాయి, మోటారుకు పూజ, అక్కా బావా రావాల్సిందే అన్నాడు. నేను ఆయన ముందర నిలబడి, మొహం చూస్తా, "బస్సులో పోదాము" అన్నాను. ఇది మాత్రం బాగా వినపడింది.

"బస్సా? కారు పెట్టుకొని నిన్ను పుట్టింటికి బస్సులో తీసుకొని పోతానా? మీ తమ్ముడు ఏమనుకుంటాడు? మీ నాయన ఉంటే ఏమనుకునేవాడు?"

ఇంక నేనేం చెప్పేది. తల దువ్వుకొని ఎక్కి కూర్చున్నాను. డిక్కీలో ఆయనే రెండు మూటల బియ్యం, అరటిగెల, తమ్ముడికి పంచె, మరదలికి చీర సర్దినాడు. నా ఊరు పరవాలేదన్న మనిషి సర్దే తీరు చూస్తా ఉంటే నాకు సిగ్గేసింది.

పెన్నాగరం దాటి కొండ మొదలయ్యేదాకా బాగానే పోయింది. మొదటి మలుపు ఫస్టు గేరులో మూలుగుతా ఎక్కింది. రెండో మలుపులో నిట్రమైన ఎక్కుడు వచ్చినాక ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసినాడు. మళ్ళీ ఆగింది. మూడోసారికి క్లచ్చు కాలిన వాసన. చక్రాల కింద రాళ్ళు పెట్టి, దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడినాడు. ఆయన మొహం చూడలేకపోయినాను. "ఇన్నేండ్లు ఎక్కిన కొండ" అన్నాడు. "భాయి ఒక్క మాట చెప్పలేదు చూడు."

నేను దిగి, చక్రం కింద రాయి కదలకుండా కాలితో నొక్కినాను.

కొంచెంసేపు కొండ వైపు, కొంచెంసేపు బండి వైపు చూసినాడు. ఉన్నట్టుండి, "ఉండు" అన్నాడు. చిన్నప్పుడు లారీల వెంబడి తిరిగిన మనిషి, ఆ విద్యలు యాడికి పోతాయి? "రివర్సు గేరుకు ఫస్టు కన్నా బలం ఎక్కువ. తిరిగి ఎక్కుతాము." మెల్లగా కిందికి జారనిచ్చి, మలుపు దగ్గర వెడల్పులో బండిని తిప్పి, ముట్టె పల్లం వైపు, తోక కొండ వైపు పెట్టినాడు. రివర్సు వేసినాడు. ఒళ్ళంతా వెనక్కి తిప్పి, ఎడమ చెయ్యి నా సీటు వెనక వేసి, వెనక అద్దంలో నుంచి రోడ్డు చూస్తా వదిలినాడు. బండి వెనక్కి వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. మొండిగా, ఒక మనిషి నడిచినంత మెల్లగా.

నాకు పల్లం కనపడతా ఉంది, ఆయనకు కొండ. "కొండ ఎక్కదని భాయి చెప్పనే చెప్పినాడు కదా దేవుడా" అని అలవాటుగా నాలో నేను గొణుక్కున్నాను.

"ఎప్పుడు చెప్పినాడు?" అన్నాడు ఆయన.

నేను ఉలిక్కిపడి తల తిప్పితే, ఆయన కుడి చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది. ఇన్నేండ్లూ నేను కూర్చునేది ఆయన ఎడమ పక్క. మాట్లాడేది ఆ ఎడమ చెవితో. వెనక్కి తిరిగేటప్పటికి కుడి చెవి నా పక్కకు వచ్చింది. దానికి నా గొణుగుడు కూడా వినపడింది.

"షెడ్డులో" అన్నాను, అంతే మెల్లగా. "మీ పక్కన నిలబడి. రెండుసార్లు."

"నేనేమన్నాను?"

"పరవాలేదు, ఇదే వెయ్యి అన్నారు."

బండి ఆపేదానికి లేదు, ఆపితే మళ్ళీ ఎక్కదు. తల తిప్పేదానికి లేదు, పక్కన లోయ. లేకపోతే ఎప్పటి మాదిరి ఏదో ఒకటి అరిచి అవతలికి పోయేవాడే. ఆ కొండ ఆయన్ని అక్కడే కట్టేసింది.

"నేను వినలేదు" అన్నాడు.

"తెలుసు. హోసూరు పోయిన దినం ఏనుగును కట్టేసి వచ్చినానంటే ఊఁ అన్నారు."

"ఏనుగా?" ఫక్కుమని నవ్వినాడు. నవ్వు నడుమలోనే తెగిపోయింది. "అయితే నువ్వు ఆ పదైదు దినాలు మొహం ముడుచుకొని ఉన్నింది..."

"నా ఊరు మీకు లెక్కలేదనుకొని."

"పిచ్చిదానా. ఒక్కసారి గట్టిగా అరిచి అడగకూడదా?"

"మామకు అరిచినట్టు మీకు అరవను నేను" అన్నాను.

ఇంకో మలుపు వచ్చింది. స్టీరింగు తిప్పినాడు, నా సీటు వెనక ఉన్న చెయ్యి నా భుజం మీదికి దిగింది. అది దారి కోసమో నా కోసమో తెలీదు. "భయమే" అన్నాడు. "ఆ కుర్చీ అంటే భయం."

"చెవుడు వస్తే ఏమయితుంది? మామ పక్కన ఎవరూ కూర్చోలేదు, అదే ఆయనకు వచ్చిన కష్టం. నేను కూర్చుంటాను."

"ఏ పక్క?"

"ఈ పక్క" అని ఆ కుడి చెవి తమ్మె పట్టుకొని లాగినాను. రోడ్డు మీద ఎవరూ లేరులెండి.

కొండ ఎక్కినాక వెడల్పు ఉన్నా ఆయన బండి తిప్పలేదు. ఊరిదాకా అట్లే వెనక్కే పోయినాము. ఎందుకు తిప్పలేదని నేనూ అడగలేదు. మూడేండ్ల మాటలు బాకీ. తమ్ముడి ఇంటి ముందర తోక కనపడేటప్పటికి అందరూ బయటికి వచ్చినారు. మరదలు నడుం మీద చేతులు పెట్టుకొని, "ఏం వదినా, రాకముందే తిరిగిపోతా ఉండావా?" అంది. ఊరంతా నవ్వింది. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వినాడు. మోటారు వేస్తే నీళ్ళు ఎగజిమ్మిన సప్పుడు వినపడిందా అని తమ్ముడు అడిగితే మాత్రం, ఒక క్షణం నన్ను చూసినాడు. నేను తల ఊపినాను.

తిరిగి వచ్చేటప్పుడు నేను ముందర ఎక్కలేదు. వెనక తలుపు తీసి, ఆయన సీటు వెనకాల, కుడి పక్క కూర్చున్నాను. "అదేందే, నన్ను డ్రైవరును చేసినావు?" అన్నాడు. "తోలవయ్యా" అని సీటు మీద మోచేతులు ఆనించి, ఆయన కుడి చెవి దగ్గర మొహం పెట్టుకున్నాను. కొండ దిగేదాకా లో గేరులో జాగ్రత్తగా దిగినాడు, నేను కబుర్లు చెప్తానే ఉన్నాను.

మరుసటి వారం చెవి డాక్టరు దగ్గరికి పోయినాము. ఎడమది పూర్తిగా పోయింది, కుడిది కాపాడుకోవచ్చు అన్నాడు. మిషను ఇచ్చినాడు. ఇంట్లో పెట్టుకుంటాడు. కార్లో మాత్రం గాలికి ఈల వేస్తుందని తీసి జేబులో వేసుకుంటాడు. భాయికి సంగతి చెప్తే నెత్తి కొట్టుకొని, "నడిమి పినియను వేస్తాను, ఒక్క దినం పని" అన్నాడు. మేమిద్దరం ఒకటేసారి వద్దన్నాము.

పోయిన ఆదివారం హోసూరు పోయినాము. దారి పొడుగునా చెప్పుకుంటా, నవ్వుకుంటా, ఒకటి రెండు పాత జగడాలు మళ్ళీ తవ్వుకుంటా. ఇంటి ముందర బండి ఆగేటప్పటికి అమ్మాయి మేడ మీద నుంచి చూసింది. నాయన ముందర, అమ్మ వెనక. దాని మొహం వాడిపోయింది. పిట్టగోడ మీదికి వంగి ఏదో అడిగింది.

ఇదివరకైతే ఆయన పైకి చూసి, చెయ్యి ఊపి, "ఊఁ, ఊఁ, పరవాలేదు" అనేవాడు. ఆ దినం ఇంజను ఆపి, కుడి పక్కకు నా వైపు తిరిగినాడు.

"నాకు వినపడలేదు" అన్నాడు. "ఏమంటా ఉంది?"

"పోట్లాడుకొని వచ్చినారా అని అడుగుతా ఉంది" అని చెప్పినాను.